చూసినట్టు సంతకం

శనివారం ఉదయం ఏడున్నరకి వాసవి కారు దిగేసరికి రిటైర్డ్ గ్రూప్ కెప్టెన్ రఘురామ్ గారు విమానాన్ని షెడ్డు ముందు ఆపి, తలకున్న హెడ్‌సెట్ తీసి మెడలో వేసుకుంటున్నారు. ప్రొపెల్లర్ ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగింది. అది హర్యానాలో రేవాడీ వైపు, చుట్టూ ఆవాల చేలు కోతకొచ్చి ఎండు రంగులో ఉన్నాయి.

ఆ క్లబ్బులో సభ్యులు పద్దెనిమిది మంది. విమానం ఒక్కటే, రెండు సీట్లది. నియమాలు షెడ్డు గోడ మీద పెయింటుతో రాసి ఉన్నాయి. దిగినవాళ్లు అద్దం మీద పురుగుల మరకలు తుడిచి పెట్టాలి. ఏదైనా తేడా కనిపిస్తే ఎంత చిన్నదైనా రిజిస్టర్‌లో రాయాలి. ఎక్కబోయేవాళ్లు విమానం చుట్టూ ఒకసారి తిరిగి, వంగవలసిన చోట వంగి చూసి, చూసినట్టు సంతకం పెట్టాలి. గోడ మీద రాయని అలవాటు ఇంకొకటి ఉండేది. అప్పుడే దిగిన మనిషి ఎదురుగా నిలబడి ఉండగా, అతను నడిపిన విమానం కిందకి వంగి చూడటం మర్యాద కాదు. ఆ మనిషి మాట మీద నమ్మకం లేదన్నట్టు ఉంటుంది.

"ఏం అమ్మాయ్, ఆలస్యమైంది?" అన్నారు రఘురామ్ గారు.

"మానేసర్ దగ్గర లారీలండీ. పావుగంట నిలబెట్టేశారు."

"ఇంజిన్ వేడిగానే ఉంది. ఎండెక్కితే కిందనుంచి గాలి తంతుంది. ఎక్కెయ్, ఎక్కెయ్. విమానం బ్రహ్మాండంగా ఉంది."

వాసవి రిజిస్టర్ అందుకుంది. మొదటి గడిలో ఇంజనీరు వీరరాఘవులు ఉదయం ఆరుంబావుకి చేసిన తనిఖీ, పేరులోని ప్రతి అక్షరమూ విడివిడిగా కనిపించేలా చేసిన సంతకం. దాని కింద రఘురామ్ గారి వంకర గీత, పక్కన తేడా ఏమీ లేదని 'నిల్'. మూడో గడిలో 'విమానం చుట్టూ తిరిగి చూశాను, బాగుంది' అని అచ్చేసి ఉంది. అక్కడ ఆమె సంతకం పెట్టింది. తలుపు వైపు నడుస్తూ రెక్క చివర ఒకసారి చేత్తో తాకింది. అంతే.

నలభై నిమిషాలు ఎగిరింది. ఇటుక బట్టీల పొగ నిట్టనిలువుగా లేస్తోంది. రైలు పట్టాల వెంట వెళ్లి, కాలువ దగ్గర తిరిగి వచ్చింది. వచ్చే వారం కాక ఆపై వారం శుక్రవారం లైసెన్సు టెస్టు. ఆ రోజు చెయ్యవలసినవన్నీ వరసగా, పైకే చెప్పుకుంటూ చేసింది. చక్రాలు నేలని తాకినట్టు తెలియలేదు. వేగం తగ్గాక మాత్రం పాదాల కింద పెడల్స్ సన్నగా వణికాయి. ఈ నేల నిండా ఎలుక బొరియలే కదా అనుకుంది. స్విచ్చులు ఆపి, కంట్రోళ్లకి తాళం వేసి, తడిగుడ్డతో అద్దం తుడిచింది. రిజిస్టర్‌లో 'నిల్' అని రాసింది.

వీరరాఘవులు ముందు చక్రానికి ఇనప బారు తగిలించి, వెనక్కి వెనక్కి నడుస్తూ విమానాన్ని షెడ్డులోకి లాక్కుపోయాడు. లోపలినుంచి అన్నాడు.

"మీ ల్యాండింగ్ సూశానమ్మా. పువ్వు పెట్టినట్టు దించేరు."

"ఇంతకుముందు సార్‌ది?"

"నేనప్పుడు పెట్రోల్ డబ్బాల కోసం ఎనక్కెల్లేను. సూళ్లేదు."

*

ఆదివారం పొద్దున్న ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఆమె పెసరట్ల పిండి రుబ్బుతుంటే సందీప్ ఫోన్ చేశాడు. ఇరవయ్యారేళ్లవాడు. ఢిల్లీలోనే పుట్టి పెరిగాడు, గుడ్‌గావ్‌లో ఉద్యోగం, క్లబ్బు సెక్రటరీ.

"ఆంటీ, నిన్న లాస్ట్ ఫ్లైట్ మీదే కదా? నోస్ వీల్ ఫోర్క్‌కి క్రాక్ ఉంది. ఫోటో పంపా, జరా చూడండి."

ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టి ఉంచే ఇనప కొమ్ము అది. ఫోటోలో దాని మీద పెయింటు పెచ్చులూడి, మధ్యలో వెంట్రుకంత గీత కనిపించింది. వాసవి గీత మీద వేలు పెట్టి పెద్దది చేసి చూసింది.

"నువ్వెలా చూశావు?"

"రాత్రంతా పార్క్ అయి ఉంది కదా ఆంటీ, సామ్‌నే ఎవరూ లేరు. ఆరామ్‌గా కూర్చొని చూశా."

సోమవారం రఘురామ్ గారు ఫోన్ చేశారు. ఆయన క్లబ్బు ప్రెసిడెంటు. గొంతు ఎప్పట్లాగే తీరిగ్గా ఉంది.

"నువ్వేం కంగారుపడకు అమ్మాయ్. మన రాత శుభ్రంగా ఉంది. నా తరవాత నువ్వు చూశావు, బాగుందని సంతకం పెట్టావు. నీ ల్యాండింగ్ వీరరాఘవులే చూశాడట. అంటే ఏమిటి? విమానం లోపలికి లాగేటప్పుడు జరిగింది. ఆ బారు ఒక హద్దు దాటి తిప్పితే ఫోర్క్ చిట్లుతుంది. వయసైపోయింది పాపం, చూసుకోడు."

వీరరాఘవులు ఆయనకంటే తొమ్మిదేళ్లు చిన్న. వాసవి ఆ మాట అనలేదు.

"అతన్నేం చేస్తారండీ?"

"బుధవారం కమిటీ ఉంది. నెలాఖరుకి పంపించేద్దాం. గౌరవంగానేలే. ఫోర్క్ మార్చేస్తే నీ టెస్టు టైముకి విమానం రెడీ."

ఫోన్ పెట్టేశాక ఆమె మళ్లీ ఫోటో తీసింది. తన సంతకం లేకపోతే ఆ గీతకి కారణం రఘురామ్ గారి దగ్గరా ఆగవచ్చు, తన దగ్గరా ఆగవచ్చు, వీరరాఘవులు దగ్గరా ఆగవచ్చు. సంతకం ఉండటం వల్ల అది ఒక్క వీరరాఘవులు వైపుకే పోతోంది.

భర్త సుధీంద్ర ఆఫీసునుంచి వచ్చి టీ తాగుతుంటే జరిగింది చెప్పింది. అతను మంత్రిత్వ శాఖలో డిప్యూటీ సెక్రటరీ. గువాహటికి బదిలీ ఆర్డరు ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. ఏప్రిల్ పదికి చేరాలి.

"నేను రోజుకి నలభై ఫైళ్ల మీద సంతకం పెడతాను. అన్నీ చదువుతానా ఏమిటి? కింద వాడు చదివుంటాడని నమ్మకం. నమ్మకపోతే ఆఫీసు నడవదు."

"ఫైలు గాల్లోకి లేవదు కదండీ."

అతను నవ్వాడు. తరవాత కప్పు కింద పెట్టి అన్నాడు. "నువ్వు చూడలేదని ఒప్పుకుంటే ఏమవుతుంది?"

"మూడు నెలలు ఎగరకూడదు."

"మూడు నెలలకి మనం ఇక్కడ ఉండం. అక్కడ నీకు క్లబ్బూ లేదు, ఏమీ లేదు. రెండేళ్లు పొద్దున్నే నాలుగింటికి లేచి వెళ్లింది దీనికా?"

ఆమె టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.

*

మంగళవారం ఆమె క్లబ్బుకి వెళ్లింది. ఎగిరేవాళ్లెవరూ లేరు. వీరరాఘవులు ఫోర్క్ విప్పి బల్ల మీద పాత బెడ్‌షీట్ ముక్క పరిచి దాని మీద పెట్టాడు. విమానం ముక్కు కింద చెక్క స్టాండు పెట్టి ఉంది. బోల్టులు ఏ వరసలో ఊడదీశాడో ఆ వరసలోనే ఒక డబ్బా మూత నిండా పేర్చి ఉన్నాయి.

"రండమ్మా. టీ తెమ్మంటారా?"

"వద్దు. ఒకసారి చూద్దామని."

అతను ఫోర్క్ ఎత్తి వెలుగు వైపు తిప్పాడు.

"ఇదిగో సూడండి, లోపల మెరుత్తాంది. పాతదైతే మసి పట్టేసుంటాది. అంటే శనివారం పొద్దున్న నేను సూసినప్పుడు లేదు. అది మీరు రాసుకోవచ్చు."

"లాగేటప్పుడు జరిగిందంటున్నారు."

"తెలుసమ్మా. సందీప్ బాబు సెప్పేడు." అతను ఫోర్క్‌ని మళ్లీ బట్ట మీద, అంతకుముందు ఉన్న చోటే పెట్టాడు. "బారు ఎక్కువ తిప్పితే పక్కకి చిట్లుతాది. ఇది కిందనుంచి చిట్లింది. కానీ నా మాటకి కాయితం లేదు కదా. వోళ్లకుంది."

వాసవి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఇప్పుడు చెప్పేస్తే సరిపోతుంది. నోటిదాకా వచ్చింది కూడా.

"ఇక్కణ్ణుంచి పోతే ఎక్కడికెళ్తారు?"

"ఎక్కడికెల్తాను? విమానం లాగడం రాదని పంపించేసిన ఇంజనీర్ని ఎవుడు తీసుకుంటాడమ్మా. ముప్పై ఏళ్లు ఎయిర్‌ఫోర్స్‌లో సేశాను. నా సర్వీసు బుక్‌లో శిచ్చ పడినట్టు ఒక్క ఎర్ర సిరా ఎంట్రీ లేదు. మా ఇంటావిడకి అదొక్కటే గొప్ప. ఎవరొచ్చినా తీసి సూపిత్తాది." అతను కొంచెం నవ్వాడు. "వోళ్లు సదువుకోలేని ఇంగ్లీషులో ఉంటాది. అయినా సూపిత్తాది."

బోర్డు మీద బుకింగులు సుద్దతో రాసి ఉన్నాయి. ఇరవయ్యేడు, శుక్రవారం, ఆరున్నర, వాసవి, టెస్టు. కింద ఎవరో చిన్న పువ్వు బొమ్మ గీశారు.

ఆమె ఏమీ చెప్పకుండానే వెనక్కి వచ్చింది. దారిలో ధారూహేడా దగ్గర కారు పక్కకి ఆపి, నీళ్లు తాగి, మళ్లీ బయల్దేరింది.

*

బుధవారం సాయంత్రం నాలుగింటికి కమిటీ షెడ్డులోనే కూర్చుంది. ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో సమోసాల పొట్లం. రఘురామ్ గారు, సందీప్, ఇంకో ముగ్గురు గుడ్‌గావ్ సభ్యులు. వాసవి ఆ రోజు ఎగిరిన మనిషిగా వచ్చింది. వీరరాఘవుల్ని బయట ఉండమన్నారు. అతను తలుపు దగ్గరే నిలబడ్డాడు.

సందీప్ లాప్‌టాప్‌లోంచి చదివాడు. శనివారం జరిగిన రెండు ఫ్లైట్ల వివరం, రెండు ఫ్లైట్ల మధ్య సభ్యురాలు చేసిన తనిఖీలో లోపమేమీ కనబడకపోవడం, కనక నష్టం తరవాత షెడ్డులోకి లాగేటప్పుడు జరిగినట్టు నిర్ణయించడం. ఇంజనీరు సేవలు ఈ నెలాఖరుతో ముగింపు.

"అందరికీ ఓకేనా?" అన్నారు రఘురామ్ గారు.

"నేను విమానం చూడలేదు," అంది వాసవి.

సందీప్ తలెత్తాడు.

"చూడలేదంటే?"

"సంతకం పెట్టాను. చూడలేదు. ముందు చక్రం దగ్గర వంగలేదు. సార్ దిగారు, నేను ఎక్కాను. ఆ తనిఖీ జరగలేదు."

గుడ్‌గావ్ సభ్యుల్లో ఒకాయన సమోసా కాగితం మీద పెట్టాడు. "మేడమ్, సోచ్ లీజియే."

"ఆలోచించే వచ్చానండీ."

రఘురామ్ గారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. "ఇది మినిట్స్‌లో రాస్తే మూడు నెలలు నువ్వు ఎగరకూడదు. రూలు."

"తెలుసండీ."

"నీ టెస్టు పోతుంది."

"తెలుసు."

ఆయన ఆమె వైపు చూశారు. ఆ రోజు తను ఎలా దించారో ఆయన చెప్పవలసిన మాట ఒకటి మిగిలి ఉందని షెడ్డులో ఉన్న అందరికీ తెలుసు. బయట ట్రాక్టరు ఒకటి పోయింది. 

"రాసుకో సందీప్," అన్నారాయన. 

వీరరాఘవుల్ని లోపలికి పిలిచారు. నెలాఖరు సంగతి ఎత్తేశామనీ, విషయం మళ్లీ చూడాలనీ సందీప్ హిందీలో చెప్పాడు. ఎందుకో కూడా చెప్పాడు. అతను తనకి దండం పెడతాడేమోనని వాసవికి భయం వేసింది. అతను దండం పెట్టలేదు. ఆమె వైపు తిరిగి, తప్పు చేసిన కుర్ర ఎయిర్‌మన్‌ని చూసినట్టు చూశాడు.

"సూడకుండానే ఎక్కేసేరా?"

"అవును."

"ఆ ఒక్క శనివారమేనా అమ్మా?"

ఈ ప్రశ్న ఆమె అనుకోలేదు. కాసేపు లెక్క చూసుకుంది.

"కాదు. ఎవరైనా అప్పుడే దిగి ఎదురుగా ఉంటే చూడను. ఇంకో మూడుసార్లు ఉంటుంది. నాలుగేమో."

"మిగతా వోళ్లో?"

 సందీప్ లాప్‌టాప్ మీంచి చేతులు తీసేశాడు. "మైఁ భీ, అంకుల్. నేను కూడా, రెండు మూడుసార్లు."

ఒకాయన నవ్వబోయి ఆపుకున్నాడు. ఇంకొకాయన ఫోన్ తిరగేసి పెట్టాడు.

"అయితే పొద్దున్న ఆరింటికి నేనొక్కణ్ణి సూసిన సూపు మీదే రోజంతా ఎగురుతాందన్నమాట," అన్నాడు వీరరాఘవులు. గొంతు పెంచలేదు. "ఫోర్క్ మారుత్తాను. విమానం ఎగరొచ్చని సంతకం మాత్రం పెట్టను. ఎవరెవరు ఏ రోజు సూడకుండా ఎక్కేరో, ఎవరెవరు ఎలా దించేరో రాసివ్వండి. ఎలా దిగిందో తెలిత్తేనే కదా, ఎక్కడ ఇప్పి సూడాలో తెలిసేది."

"నువ్వు మాకు కండిషన్లు పెడుతున్నావా?" అన్నారు రఘురామ్ గారు.

"మీకెందుకు పెడతాను సర్? విమానానికి."

అతని సంతకం లేకుండా ఆ విమానం షెడ్డు దాటకూడదు. ఇంకో ఇంజనీరు కావాలంటే కాగితాలకే నెల పడుతుంది. అంతదాకా పద్దెనిమిది మందికీ విమానం లేనట్టే. మీటింగు ఏ నిర్ణయమూ లేకుండా లేచిపోయింది. పొట్లంలో సమోసాలు అలాగే ఉండిపోయాయి. వాసవి వాటిని కాగితంలో చుట్టి గేటు దగ్గర చౌకీదారుకి ఇచ్చింది.

*

గురువారం, శుక్రవారం క్లబ్బు వాట్సాప్ గ్రూపు మోగుతూనే ఉంది. ఇదేమన్నా స్కూలా అని ఒకరు రాశారు. మనలో మనకి నమ్మకం ఉండాలి కదా అని ఇంకొకరు. నమ్మకం ఉండబట్టే ఇలా అయింది అంకుల్ అని సందీప్. దాని కింద ఏడెనిమిది బొటనవేళ్లు. వాసవి ఏమీ రాయలేదు. తన లాగ్‌బుక్ ముందేసుకుని, ఎవరి వెనక ఏ రోజు ఎక్కిందో తేదీ వారీగా వెతికింది. నాలుగనుకుంది. ఆరు తేలాయి.

శనివారం విమానం కడగడం ఆమె వంతు. ఎగరడం ఆపినా వంతు ఆపరు. ఎనిమిదింటికల్లా వచ్చి, చుడీదార్ మడిచి, బకెట్‌లో సబ్బునీళ్లు కలిపింది. ముందు చక్రానికి కొత్త ఫోర్క్ బిగించి ఉంది, ఇంకా పెయింటు వాసన పోలేదు. బల్ల మీద తేదీలు రాయడానికి వీరరాఘవులు పెట్టిన రెండు వందల పేజీల నోట్‌బుక్, దారంతో కట్టిన పెన్ను. ఆమె ముందు అక్కడికి వెళ్లి ఆరు తేదీలూ రాసింది. తరవాత రెక్కల పని చూసుకుంది.

సభ్యులు ఒక్కొక్కరే వచ్చారు. కొందరు నిలబడే రాశారు. ఒకాయన తన తేదీలు కనబడకుండా ఎడంచెయ్యి అడ్డం పెట్టుకుని రాసి, వెళ్లేముందు వీరరాఘవులు భుజం తట్టాడు. ఒకాయన నోట్‌బుక్ తెరిచి, చూసి, మూసేసి వెళ్లిపోయాడు. సందీప్ తనవి రాసి, ఒకరోజు గాలికి పక్కకి కొట్టుకుపోయి రెక్క చివర గడ్డికి రాసుకున్న సంగతీ రాశాడు. వీరరాఘవులు వెంటనే లేచి ఆ రెక్క చివర గోటితో గీరి చూసి వచ్చాడు.

"బానే ఉంది. అప్పుడే సెప్తే ఏటయ్యేది బాబూ?"

"తిట్లు పడేవి, అంకుల్."

"ఇప్పుడు పడవా మరి?"

రఘురామ్ గారు పది దాటాక వచ్చారు. కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని నోట్‌బుక్ మొదటి పేజీనుంచి చదివారు. వాసవి పేరు దగ్గర ఎక్కువసేపు ఆగారు. పెన్ను తీశారు, మూత పెట్టారు, మళ్లీ తీశారు. ఆమె తోక భాగం కడుగుతూ అటు చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది.

"ఆ శనివారం తేదీ ఎంత అమ్మాయ్?"

క్యాలెండరు ఆయనకి ఎదురుగానే గోడకి ఉంది.

"పద్నాలుగండీ."

ఆయన రాయడం మొదలుపెట్టారు. ఒక్క తేదీయే అనుకుంది గాని పెన్ను ఆగలేదు. పేజీ సగం నిండాక నోట్‌బుక్‌ని వీరరాఘవులు వైపు తిప్పి పెట్టారు. అతను గుడ్డకి చేతులు తుడుచుకుని, పెదాలు కదుపుతూ చదివాడు.

"ఎంత ఎత్తునుంచి పడింది సర్?"

"మనిషెత్తు ఉంటుంది. ముందు ముక్కు తగిలింది. ఎగిరి మళ్లీ పడింది."

"రెండోసారో?"

"రెండోసారీ ముక్కే."

"సరే సర్."

అతను   స్క్రూడ్రైవర్ తీసుకుని ఇంజిన్ మీది రేకులు విప్పసాగాడు. ఒక్కో స్క్రూ తీసి మూతలో వేస్తున్నాడు. కింది రేకు ఊడేసరికి పదకొండు కావస్తోంది. అతను సిమెంటు మీద అట్ట పరుచుకుని వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు.

"అమ్మా, మీ మొబైల్ లైటు ఇలా పట్టండి."

వాసవి చేతులు తుడుచుకుని పక్కనే పడుకుంది. పైన ఇంజిన్, దాన్ని మోస్తూ అటూ ఇటూ పోయే ఇనప గొట్టాలు, నూనె మసి. అతను పెట్రోల్లో ముంచిన గుడ్డతో ఒక్కో గొట్టం అతుకు దగ్గర తుడుస్తూ వచ్చాడు. మొదటిది తుడిచాడు, చూశాడు. రెండోది. మూడోది. ఎడమ వైపు కింది గొట్టం దగ్గర చెయ్యి ఆగింది. మళ్లీ తుడిచాడు.

"కొంచెం దగ్గరికి."

ఆమె లైటు దగ్గరికి జరిపింది. అతుకు పక్కన సన్నటి మెరుపు గీత గొట్టం చుట్టూ సగందాకా పోయింది. అతను దాని మీద చూపుడువేలి గోరు అడ్డంగా నడిపాడు. గోరు పగుల్లో పట్టుకుంది.

  ఫోర్క్ మార్చి ఊరుకుని ఉంటే శుక్రవారం టెస్టుకి ఈ విమానం ఎక్కవలసింది తనేనని ఆమెకి తెలుసు.  

"ఏమైంది?" పైనుంచి రఘురామ్ గారి గొంతు.

"ఓసారి ఇలా వంగి సూడండి సర్," అన్నాడు వీరరాఘవులు.

కుర్చీ జరిగిన చప్పుడయింది. నల్లటి బూట్లు రెండు విమానం ముక్కు దగ్గరికి వచ్చి ఆగాయి. కాసేపు అలాగే ఉన్నాయి. తరవాత ఒక మోకాలు సిమెంటు మీద ఆనింది, పక్కన ఒక అరచెయ్యి, ఆ పైన రెండో మోకాలు. వాసవి లైటు కదలకుండా పట్టుకుని, కొంచెం పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చింది.